వివియన్ వాటా

1
ఆదివారం. నీళ్ళు: తీపి.

ఈ దినచర్యలో నేను రాయవలసినవి మూడే. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, కొళాయి నీళ్ళ రుచి ఎలా ఉంది. నాకు ముందు ఊళ్ళో పేర్లు పెట్టే పేర్లమ్మగా ఉన్న ముసలావిడ రోజుకు ఒక్క ముక్క రాసి ఊరుకునేది. నాకు అలా చేతకాదు. నోరు కట్టుకుని కూర్చోవడం నా జాతకంలో లేదు.

ఇవాళ పుట్టినవాళ్ళు: మా తమ్ముడి కూతురు ఉర్సులాకు ఆడపిల్ల. నీళ్ళ మీద తేలే మా పంటు ఆ చివర వలలు ఆరేసుకుంటున్న వాళ్ళక్కూడా వినబడేట్టు ఏడ్చింది. ఆ ఏడుపు విని నా గుండె కుదుటపడింది. మా ఊళ్ళో పిల్లలు ఏడవకపోతేనే కంగారు.

ఉర్సులా అనేది లాటిన్ మాట. చిన్న ఆడ ఎలుగుబంటి అని అర్థం. ఆ పేరు పెట్టింది నేనే. పట్టు పడితే విడవని పిల్ల అవుతుందని అప్పుడే తెలిస్తే ఇంకేదైనా చూసేదాన్ని. నా పేరు ఐరీన్. గ్రీకు మాట, శాంతి అని అర్థం. ఆ పేరుకూ నాకూ ఉన్న చుట్టరికం ఏమిటో ఊరంతా ఎరుగుదురు. మా ఆయన నన్ను ఏడిపించాలనుకున్నప్పుడల్లా "శాంతమ్మా" అని పిలిచేవాడు.

పోయినవాళ్ళు: లేరు.

2
బుధవారం. నీళ్ళు: తీపే. మింగాక నాలుక చివర ఏదో తేడా.

పొద్దున్నే రెండు చెంబులు పట్టుకుని కొళాయి వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే "ఐరీన్" అన్నాను. "గుడ్ మార్నింగ్, ఐరీన్" అంది కొళాయి, చెంబు నింపింది. రెండో చెంబు పెట్టి "వివియన్" అన్నాను. "గుడ్ మార్నింగ్, వివియన్" అంది. అదే మర్యాద, అదే గొంతు. మనిషి లేడని దానికి తెలియదు.

మా ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. మా దగ్గర మనిషి పోతే సంవత్సరీకం వెళ్ళేదాకా ఆ సంగతి కొళాయికి చెప్పం, ఇక్కడ 'పోయినవాళ్ళు' వరసలోనూ రాయం. ఇంట్లోవాళ్ళు రోజూ ఆ మనిషి వాటా పట్టి సముద్రంలో వదులుతారు. ఏడాది నిండాక పేర్లమ్మ కొళాయి ముందు నిలబడి, ఫలానావారు లేరు అని మూడుసార్లు చెబుతుంది. అప్పుడు ఆ పేరు ఖాళీ అవుతుంది, పుట్టిన బిడ్డకు ఇవ్వవచ్చు. తాగే నీళ్ళు సముద్రంలో పొయ్యడమేమిటని అడిగేవాళ్ళు ప్రతి తరంలోనూ ఉంటారు. వాళ్ళింట్లో ఒకరు పోయేదాకా అడుగుతారు.

ఈ కొళాయి మన వాళ్ళు చేసింది కాదు. కింద దివిసీమ మునిగిపోతున్న రోజుల్లో మా తాతలు పంటులన్నీ ఒకదానికొకటి కట్టుకుని ఊరు చేసుకున్నారు. ఏ దేశంవాళ్ళదో ఓడ ఒకటి వదిలేసి ఉంటే, అందులోంచి ఉప్పునీళ్ళు మంచినీళ్ళు చేసే ఈ మిషను ఊడదీసి తెచ్చారు. దాని బుర్రలో ఉన్నవి ఇంగ్లీషు పేర్లే, అవీ లెక్కకు కొన్నే. సుబ్బరత్నం, నాగేశ్వర్రావు అని గొంతు చించుకున్నా "సారీ" అని ఊరుకుందట. దాహం ముందు పౌరుషం ఎంతసేపు? అందరూ జార్జిలూ సిసీలియాలూ అయ్యారు. ఒక పేరుకు ఒక్కరే మనిషి. ఒకసారి ఎక్కితే ఇంట్లో ఒకరి వాటా ఇంకొకరు పట్టుకోవచ్చు గాని, పేరు ఎక్కేటప్పుడు మాత్రం దానికి ఆ మనిషి సొంత గొంతు వినబడాలి.

జార్జి అంటే నేల దున్నేవాడు. మా జార్జి పుట్టి బుద్ధెరిగి నేల చూడలేదు. సిసీలియా అంటే చూపు లేనిది. తుఫాను మబ్బును అందరికంటే ముందు కనిపెట్టేది ఆవిడే. కాల్విన్ అంటే బట్టతల. అతని జుట్టు దువ్వడానికి పెళ్ళాం పొద్దున్నంతా కూర్చోవాలి. అర్థాలు నిజం కావని నేనే అందరికీ చెబుతాను. వింటారు, తల ఊపుతారు, తమ పిల్లల దగ్గరికి వచ్చేసరికి మంచి అర్థమే కావాలంటారు.

3
శుక్రవారం. నీళ్ళు: ఉప్పు తగులుతోంది. నా ఒక్కదానికే కాదు, అందరికీ.

ఉర్సులాకు పురుడు వెళ్ళింది. ఇక పేరు పెట్టాలి. ఊరిని నడిపే సరంగు ఎడ్మండ్, నాకు వరసకు తమ్ముడు, నన్ను పిలిపించాడు. ఎడ్మండ్ అంటే పాత ఇంగ్లీషులో సంపద కాచేవాడు. మా సంపదంతా ఆ కొళాయే, దాని తాళాలు అతని మొలకే ఉంటాయి.

"ఖాళీ పేర్లు ఏమున్నాయక్కా?" అన్నాడు.

"ఒక్కటే ఉంది. మాలరీ."

అతను మొహం అటు తిప్పుకున్నాడు. మాలరీ పాత ఫ్రెంచి నుంచి వచ్చిన పేరు. దురదృష్టవంతులు అని అర్థం. ఆ పేరు పెట్టుకున్నవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ వలకు వెళ్ళి తిరిగి రాలేదు. వలకు వెళ్ళి రానివాళ్ళు మా ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళ పేర్లకు మంచి అర్థాలే ఉన్నాయి. కాని అవి ఎవరికీ గుర్తుండవు.

సాయంత్రం ఉర్సులా దగ్గరికి వెళ్ళి చెప్పాను. పిల్లను ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

"పది మందిలో నిలబడి నా కూతురి చెవిలో 'దురదృష్టవంతురాలు' అని చెప్తావా అత్తా?"

"అర్థం చెప్పకుండా పేరు పెట్టకూడదే. అది నా పని."

"అయితే పెట్టొద్దులే. నా పాలు తాగి బతుకుద్ది."

పేరు ఎక్కని బిడ్డకు పసివాటా రాదు. కొళాయి పెద్దవాళ్ళకిచ్చే నీళ్ళు వేరు, పసివాటా వేరు. అది రెండుసార్లు వడకట్టిన గోరువెచ్చని నీళ్ళు, పాలపొడి కలిపి ఇస్తుంది. మిషను లోపల ఆ భాగం విడిగా ఉంది, ఇంకా బాగానే పనిచేస్తోంది. అడిగి తెచ్చుకుందామంటే అది పట్టే పసివాళ్ళు ఇప్పుడు ఊళ్ళో ఇంకెవరూ లేరు. తల్లి పాలున్నంతకాలం ఎవరికీ దాని ఊసు అక్కర్లేదు. ఉర్సులాకు పాలున్నాయి. అందుకని నేనూ ఎక్కువ వాదించలేదు. వాదించి ఉండవలసింది.

4
మంగళవారం. నీళ్ళు: పులుసులో ఉప్పు వెయ్యడం మానేశాను.

ఎడ్మండ్ మిషను విప్పాడు. లోపలి జల్లెడలు అరిగిపోయాయట. దక్షిణపు పంటులవాళ్ళ దగ్గర ఉండవచ్చని పడవ పంపాడు. గాలి ఎదురుగా ఉంది. పడవ ఎప్పుడొస్తుందో అతనికీ తెలియదు, తెలిసినట్టు మాట్లాడాడు.

తిరిగి వెళ్తూ గుమ్మంలో ఆగి గొంతు తగ్గించాడు. "అక్కా, మాలరీకి అర్థం మార్చి చెప్పకూడదా? ముత్యమనో పువ్వనో అను. ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"నీకొక్కదానికే గదా."

"తమ్ముడూ, మార్గరెట్ అంటే ముత్యం. సుసాన్ అంటే కలువ. ఊళ్ళో ఆ ఇద్దరూ ఉన్నారు. రేపు వాళ్ళు వచ్చి మా పేర్లక్కూడా నిజమైన అర్థాలు చెప్పమంటే ఏం చెప్పను? నేను చెప్పేదంతా అబద్ధమనుకుంటే ఇంక పేర్లమ్మ ఎందుకు, ఎవరికి వాళ్ళే అరుచుకోవచ్చు."

మాట బాగానే ఉందనిపించింది, అన్నప్పుడు. అతను వెళ్ళాక మాత్రం మనసు కుదురుగా లేదు. పిల్ల ఏడుపు వినబడుతుందేమోనని చెవి అటే ఉంచుకుని వంట చేశాను. వినబడింది. కాని నిన్నటంత గట్టిగా లేదు. నా చెవులే మందగించాయని సర్దిచెప్పుకున్నాను.

5
శనివారం. నీళ్ళు: మింగేటప్పుడు గొంతు పట్టుకుంటోంది.

ఉర్సులాకు పాలు తగ్గాయి. ఉప్పునీళ్ళు తాగే తల్లికి పాలెక్కడివి? నా వాటాలో సగం ఇచ్చాను, దాని మొగుడు గాడ్విన్ తన వాటా మొత్తం ఇస్తున్నాడు. ఎంతిచ్చినా ఉప్పే గదా. తాగిన కొద్దీ దాహమే.

మధ్యాహ్నం ఉర్సులా పిల్లను భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అత్తా, ఒక మాటడుగుతా, కోప్పడొద్దు. మామయ్య పేరు ఇవ్వు."

నేను వెంటనే అనేశాను. "ఏడాది నిండలేదు."

"తెలుసు."

"అది మగవాడి పేరు."

"నువ్వే చెప్పావుగా! వివియన్ ముందు మగవాళ్ళ పేరట, తరవాత ఆడవాళ్ళూ పెట్టుకున్నారట. ఎవెలిన్, షెర్లీ, అన్నీ అంతేనట. నా చిన్నప్పుడు నువ్వే చెప్పావు."

నేను చెప్పిన పాఠం నాకే అప్పజెప్పింది. ఎలుగుబంటి. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ మామయ్య ఆత్మ ఏ అలమీద తిరుగుతోందో, గుక్కెడు నీళ్ళకు రోజూ వస్తుంటే, పేరు పీకేసి తరిమెయ్యమంటావా? రేపు నువ్వు పోతే నీ పేరు కూడా అట్టాగే లాక్కుంటే ఒప్పుకుంటావా?" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. నా బిడ్డ కాదు గనుకనే ఆ మాటలు వచ్చాయేమో. నాకు పిల్లల్లేరు.

పిల్ల ఉర్సులా భుజం మీద కళ్ళు తెరిచి నా వైపే చూస్తోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఏడవలేదు.

వివియన్ అంటే లాటిన్‌లో బతికున్నవాడు అని అర్థం. అంత పేరు పెట్టుకుని జ్వరానికి పోయాడు మహానుభావుడు. కొళాయి గుడ్ మార్నింగ్ అంటే తిరిగి "గుడ్ మార్నింగ్ కొళాయమ్మా" అనే మనిషి ఊరు మొత్తానికి ఆయనొక్కడే. వరసలో వెనకున్నవాళ్ళు నవ్వేవారు, నాకు సిగ్గేసేది. ఆయన పోయినప్పుడు నేను ఏడవలేదు. ఏడవలేదని ఊళ్ళో అనుకున్నారు కూడా. ఏం ఏడవను? తెల్లారి లేస్తే ఆ పేరు వినబడుతూనే ఉందాయె. పొద్దున నిద్ర లేచేదే దానికోసం.

6
సోమవారం. నీళ్ళు: తాగలేకపోతున్నాం.

వివియన్ వాటా పట్టుకుని పంటు అంచుకు వెళ్ళాను. చెంబు వంచబోతే చెయ్యి వంగలేదు. ఆ నీళ్ళు పిల్లకు పనికిరావు, అవీ ఉప్పువే. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్న మాట నిజమే. అయినా వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే అనిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. వంపేసి వచ్చాను.

పడవ రాలేదు.

పొద్దుటి నుంచి పిల్ల ఏడుపు వినబడలేదు. నా చెవుల తప్పేమీ కాదు. వెళ్ళి చూశాను. ఒళ్ళు వేడిగా ఉంది, మాడు మీద మెత్తటి చోట కాస్త గుంట పడింది. నా వేలు పట్టుకోమని అరచేతిలో పెడితే పట్టుకుంది గాని పట్టులో బలం లేదు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని లేచాను. భయం ఎంత ఉందంటే, ఈ దినచర్యలో రేపు నేనేం రాయవలసి వస్తుందో అని కలం ముట్టుకోవడానికి కూడా చెయ్యి రావడం లేదు.

పేరు ఎక్కాలంటే కొళాయికి గొంతు వినబడాలి. ఏడుపే వాళ్ళ గొంతు. పేరు పెట్టేటప్పుడు పేర్లమ్మ అరికాలి మీద చిన్నగా గిల్లుతుంది, పిల్ల కెవ్వుమంటుంది, అందరూ నవ్వుతారు, కొళాయి గుడ్ మార్నింగ్ అంటుంది. ఇంతమంది పిల్లలను గిల్లాను. ఒక్కరూ నన్ను ఏడిపించలేదు, వాళ్ళే ఏడ్చారు.

ఈ పిల్ల ఏడవగలదా?

7
మంగళవారం. తెల్లవారింది.

నేను తలుపు తీసేసరికి ఉర్సులా బయట నిలబడి ఉంది. పక్కన గాడ్విన్. చేతుల్లో పిల్ల.

"మాలరీ అనే పెట్టెయ్ అత్తా" అంది. "ఏ అర్థమైనా చెప్పుకో. దురదృష్టమే కానీ, ముందు బతకనీ."

ఉర్సులా మొహంలో పంతం లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ మొహం చూస్తున్నాను, పంతం లేకుండా ఎప్పుడూ చూడలేదు. దాన్ని అలా చూడటం నా వల్ల కాలేదు. ఎలుగుబంటి వంగిపోయింది, నేను మాత్రం నా పట్టు మీద నేనే ఉన్నాను. ఏడాది, ఆచారం, ఆత్మ అని నేను చెప్పినవన్నీ ఆచారంలో ఉన్న మాటలే. వాటి వెనక నేను దాచుకున్నది ఒక్కటే. పొద్దున్నే ఆయన్ని ఎవరో ఒకరు పేరు పెట్టి పిలవాలి. దానికోసం ఈ పిల్లకు నీళ్ళు లేకుండా చేశాను.

"పదండి" అన్నాను. "బియ్యం సీసా, పళ్ళెం తెస్తాను."

8
మంగళవారమే. మధ్యాహ్నం.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కొళాయి దగ్గర జనం అప్పటికే మూగారు. మాలరీ అనే పేరు ఎక్కుతోందని కబురు పాకిపోయింది. కొంతమంది ఉర్సులా వైపు చూడకుండా సముద్రం వైపు చూస్తున్నారు. నేను సీసా విప్పి బియ్యం పళ్ళెంలో పోశాను. అవి తాతల నాటి బియ్యం, నేల మీద పండినవి. ఎవరూ వండరు. ఊళ్ళో ప్రతి పేరూ ఆ గుప్పెడు గింజల మీదే రాశాం, రాశాక గింజ పోకుండా ఏరి మళ్ళీ సీసాలో పోస్తాం.

వేలితో బియ్యంలో రాశాను. "వివియన్."

ఎడ్మండ్ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "అక్కా, ఇది బావగారి పేరు. ఇంకా ఏడాది…"

"తెలుసు తమ్ముడూ."

"ఆచారం తప్పితే రేపు అందరూ తప్పుతారు."

"తప్పనీ. పోయినవాళ్ళకు దాహం వెయ్యదు. వేస్తే మీ బావ చిన్నపిల్ల దగ్గర లాక్కుని తాగే మనిషి కాదు. ఆయన్ని నువ్వూ ఎరుగుదువు."

ఎడ్మండ్ పక్కకు తప్పుకున్నాడు. ఉర్సులా నోటి మీద చెయ్యి వేసుకుంది.

కొళాయి ముందు నిలబడ్డాను. "వివియన్ లేడు" అన్నాను. దాని మీది పచ్చదీపం ఒకసారి వెలిగింది. "వివియన్ లేడు." ఇంకోసారి వెలిగింది. మూడోసారికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అది దాహం వల్ల కాదు. ఇన్ని నెలలూ నేను ఎవరి దగ్గరా ఆ మాట అనలేదు. నాతో నేను కూడా పైకి అనలేదు. వరసలో వెనక ఎవరో దగ్గారు. కళ్ళు మూసుకుని అనేశాను.

దీపం ఆరిపోయింది. "వాయిస్ ప్లీజ్" అంది కొళాయి.

ఉర్సులా పిల్లను కొళాయి నోటి దగ్గర పట్టుకుంది. నేను పిల్ల చెవి దగ్గర చెప్పవలసింది చెప్పాను. "నీ పేరు వివియన్. లాటిన్ మాట. బతికున్నది అని అర్థం." అరికాలి మీద గిల్లాను. పిల్ల కాలు కాస్త ముడుచుకుంది. నోరు తెరిచింది. గొంతు రాలేదు.

"వాయిస్ ప్లీజ్."

ఇంకా గట్టిగా గిల్లాను. ఎర్రగా కందిపోయింది. నోరు తెరుచుకుంది, మూసుకుంది. గాడ్విన్ "అమ్మా, ఏడవ్వే, ఏడవ్వే తల్లీ" అని బతిమాలుతున్నాడు. ఎడ్మండ్ చప్పట్లు కొట్టాడు. కొళాయి మూడుసార్లు అడుగుతుంది. మూడోసారికీ గొంతు వినబడకపోతే ఆ పేరు మూసేస్తుంది, మళ్ళీ ఎన్నాళ్ళకు తెరుస్తుందో ఎవరికీ తెలియదు. అటు ఆయన పేరూ పోయింది, ఇటు పిల్లకూ అందలేదు. రెండూ నా చేతుల్లోనే పోతున్నాయి.

"వాయిస్ ప్లీజ్."

అప్పుడు నేను ఏడ్చాను. పిల్లను ఏడిపించడానికని కాదు, నాకు ఏ ఉపాయమూ తోచలేదు. కడుపులోంచి వచ్చింది. "ఓరి నాయనో, వెళ్ళిపోయావా వివియనూ, నన్నొదిలేసి వెళ్ళిపోయావా" అని పంటు మీద కూలబడి, గుండెలు బాదుకుని, మనిషి పోయిన రోజు ఏడవవలసిన ఏడుపంతా ఇవాళ ఏడ్చాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. కప్పుల మీద వాలిన కాకులు లేచిపోయాయట, తరవాత చెప్పారు.

ఆ అరుపుకు పిల్ల ఉలిక్కిపడింది. చేతులు రెండూ విదిల్చింది. ఆ తరవాత సన్నగా, బొంగురుగా, ఏడ్చింది.

కొళాయి కాసేపు ఏమీ అనలేదు. దాని ముందు రెండు ఏడుపులు ఉన్నాయి మరి. నేను నా కొంగు నోట్లో కుక్కుకున్నాను. పిల్ల ఇంకోసారి ఏడ్చింది, ఈసారి ఒక్కతే.

"గుడ్ మార్నింగ్, వివియన్."

పసివాటా గొట్టంలోంచి గోరువెచ్చని పాలు వచ్చాయి. ఉర్సులా గిన్నె పట్టింది. ఉగ్గుగిన్నె అంచు పెదాలకు ఆనించగానే పిల్ల మింగింది. మళ్ళీ మింగింది. గాడ్విన్ పంటు మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. మా ఊరి బారసాలలో నవ్వులుండాలి. ఇవాళ అందరూ ఏడుస్తున్నారు, నాకది తప్పుగా అనిపించలేదు.

పిల్లకు ఇంకా మాటలు రావు గనుక, ఆ పేరు మర్యాద పోకూడదని, దాని తరఫున నేనే కొళాయికి తిరిగి చెప్పాను. "గుడ్ మార్నింగ్ కొళాయమ్మా."

వరసలో వెనక ఎవరో నవ్వారు.

తరవాత కూర్చుని బియ్యం ఒక్కొక్క గింజా ఏరి సీసాలో పోశాను.

పోయినవాళ్ళు: మా ఆయన వివియన్.
పేరు ఎక్కినవాళ్ళు: నా మనవరాలు వివియన్.
నీళ్ళ రుచి ఇవాళ చూడలేదు. రేపు పొద్దున ఒక్క చెంబే పట్టుకుని వెళ్ళాలి, మర్చిపోకూడదని ఇక్కడ రాసుకుంటున్నాను.